ఉప్పు లేని వంట

భీమయ్య యూనివర్సిటీ హాస్టల్ల మాలి. మొక్కలకు నీళ్ళు కట్టుడు, గడ్డి కోసుడు ఆయన పని. యాభై ఏడేండ్లొచ్చినా ఒక్కనాడు పొయ్యి ముట్టియ్యలే. తార్నాకల హెలెన్ సిస్టర్ ఇంటి వెనక రూము కిరాయికి తీసుకున్నడు. ఆ రూముల ఒక మూలకు కిరసనాయిలు స్టవ్వు. ఆ మూల ఆయన భార్య సారలమ్మది.

తొంబై ఆరు ఎండాకాలంల సారలమ్మ కాళ్ళు ఉబ్బినయి. బోరింగు దాక పోయొస్తే దమ్ము ఎగపోస్తున్నది. హెలెన్ పెద్దాసుపత్రిల నర్సు. ఆమెనే తోలుకపోయి చూపిచ్చింది. గుండె వీకైందన్నడు డాక్టరు. గోలీలు రాసిండు. మంచం దిగొద్దన్నడు.

"ఉప్పు బంద్. అచ్చారు, అప్పడం అన్నీ బంద్. ఉప్పు తింటే ఒంట్ల నీళ్ళు నిలుస్తయి. ఆ నీళ్ళు గుండె మీదికొస్తే నేను చేసేదేం లేదు."

ఇంటికొచ్చినంక సారలమ్మ మంచం మీద కూసోని అడిగింది.

"మరి వండేదెవరు?"

భీమయ్య స్టవ్వు దిక్కు చూసిండు.

"గడ్డపార పట్టే చెయ్యి గంటె పడతదా?" అన్నది ఆమె.

"చెప్పు. చేస్త."

ఆమె మంచం మీదికెళ్ళి చెప్పుడు, ఈయన చేసుడు. అట్ల మొదలైంది.

"బియ్యం కడిగినంక వేలు పెట్టు. బియ్యం మీద ఒక కణుపు మునిగేటంత నీళ్ళు పొయ్యి."

"ఏ వేలు?"

"ఏదన్న పెట్టు. నీయి అన్నీ ఒక్క తీరే ఉంటయి."

మొదటి దినం అన్నం ముద్దయింది. తెల్లారి అడుగంటింది. "నిన్న గటక, ఇయ్యాల బొగ్గు" అన్నది సారలమ్మ. అయినా తిన్నది. వారం తిరిగేసరికి అన్నం పొడిపొడిగ దిగింది. టమాటలు పిసికి చారు పెట్టుడొచ్చింది. ఆలుగడ్డ ఉడకబెట్టి మిరియాల పొడి చల్లుడొచ్చింది. పొద్దుగాల డ్యూటీకి పోయే ముందు వండుతడు. పగటీలి క్యాంపస్‌కెళ్ళి నడుచుకుంట వచ్చి పెట్టి పోతడు.

కాని ఉప్పు లేనిది ముద్ద దిగదు. సారలమ్మ నోట్ల అటిటు తిప్పి, నీళ్ళు తాగి మింగేది. రాను రాను సగం తల్లెలనే ఇడిచిపెట్టింది. గాజులు మోచేతి దాక జారుతున్నయి. ఆమె తినకుంటే బతకదని భీమయ్యకు భయం పట్టుకున్నది. ఎవరికీ చెప్పలే.

దానికి తోడు రేషన్ కందిపప్పు ఉడకదు. స్టవ్వుల నూనె అయిపోయినా గింజ గింజలాగనే ఉంటది. హాస్టల్ మెస్సుల వంట చేసే బాలస్వామిని అడిగిండు.

"గింతదానికేనా కాక? చిటికెడు తినే సోడా వెయ్యి. రాయి గూడ ఉడుకుతది. మా పోరగాండ్లకు రోజూ గదే."

"అండ్ల ఉప్పుండదు గద?"

"సోడాల ఉప్పేంది కాక? సోడా సోడానే, ఉప్పు ఉప్పే."

భీమయ్య కిరాణంల ఒక పొట్లం తీసుకున్నడు. మరునాడు పప్పు వెన్నపూస లెక్క ఉడికింది. సారలమ్మ ఒక ముద్ద తిని ఆగింది.

"ఇయ్యాల ఏదో రుచున్నది. ఏమేసినవ్?"

"బాలస్వామి చెప్పిండు. జల్ది ఉడుకుతది."

ఆమె తల్లె ఊడ్చి తిన్నది. భీమయ్య బయటికొచ్చి గడప మీద కూసోని బీడీ ముట్టిచ్చిండు. శాన దినాలకు బీడీ మంచిగ అనిపిచ్చింది.

అప్పటికెళ్ళి అన్నిట్ల సోడానే. శనిగల్ల వేసిండు, చిక్కుడుకాయల వేసిండు. చారుల గూడ వేసిండు. ఎంతేస్తే అంత బుద్ధిగ తింటున్నది. చిటికెడు పోయి చెంచ అయింది.

ఒకనాడు సారలమ్మ చెల్లె బుచ్చవ్వ అంబర్‌పేట్‌కెళ్ళి మామిడికాయ తొక్కు పట్టుకోనొచ్చింది.

"నీకే తెచ్చిన బావ. ఎన్ని దినాలు తింటవ్ చప్పిడి కూడు?"

"ఆమె ముంగట పెట్టకు."

"నాకు తెల్వదా? పైన అర మీద పెడుతున్న."

ఆ నెల్లనే సారలమ్మ కాళ్ళు మళ్ళ ఉబ్బినయి. వేలుతో నొక్కితే గుంత పడి అట్లనే ఉంటున్నది. డాక్టరు చూసి తల ఊపిండు.

"ఉప్పు తింటున్నది."

"లేదు సార్. నేనే వండుతున్న."

"నువ్వు డ్యూటీకి పోయినంక ఇంట్ల ఎవరుంటరు? పేషెంట్లు దాసుకోని తింటరయ్యా. రోజూ చూస్తం."

ఇంటికొచ్చి భీమయ్య అర మీది తొక్కు సీస దించిండు. సగం అయిపోయింది. తను తిన్నదెంతో ఆయనకు గుర్తులేదు.

"నువ్వు తిన్నవ్" అన్నడు.

"తినలే."

"డాక్టర్ అబద్ధం చెప్తడా?"

"మరి నేను చెప్తనా?"

"మరి కాళ్ళు ఎందుకు ఉబ్బినయి?"

"నాకేం ఎరుక? నేనేమన్న డాక్టర్నా?"

ఐతారం బుచ్చవ్వ ఒచ్చింది. చెప్పులన్న ఇడవకముందే భీమయ్య సీస తీసి గల్లీల కొట్టిండు. పలిగింది. ఇంటింటికెళ్ళి మనుషులు బయటికొచ్చిన్రు.

"అక్కను సంపుతున్నవ్. నా ఇంటికి రాకు."

బుచ్చవ్వ గాజు పెంకలు పిల్లల కాళ్ళల్ల గుచ్చుతయని ఒక్కొక్కటి ఏరి, చెత్తకుండిల వేసి, బస్‌స్టాపు దిక్కు నడిచింది. ముప్పై ఏండ్ల కాపురంల భీమయ్య నోరు అంత పెద్దగ లేవంగ సారలమ్మ ఎన్నడు చూడలే.

"గల్లీ అంతట్ల నన్ను దొంగను చేసినవ్" అన్నది. "ఇగ తాళం వేసుకోని పో. నీ చేతి కూడు తప్ప ఏదీ ముట్ట. అప్పుడన్న నమ్ముతవ్."

మాటకు అన్నదని అనుకోవచ్చు. భీమయ్య నిజంగనే తాళం కొనుక్కోనొచ్చిండు. బయటికెళ్ళి వేసి డ్యూటీకి పోయేటోడు. పగటీలి వచ్చి తీసి, పప్పు అన్నం కలిపి పెట్టేటోడు. ఆమె మాట్లాడకుంట తినేది. తినుడైతే బందు చెయ్యలే. అదొక్కటే ఆయనకు ధైర్యం.

ఉబ్బు కాళ్ళకెళ్ళి కడుపుకు ఎక్కింది. పండుకుంటే దమ్ము ఆడక కూసోనే ఉంటున్నది. ఒక పొద్దుగాల పెదవులు నల్లబడ్డయి. ఆటోల ఏసుకోని పెద్దాసుపత్రికి తీస్కపోయిండు. హెలెన్ డ్యూటీల ఉన్నది. మొఖానికి గ్యాస్ పెట్టిచ్చి, సూది ఇప్పిచ్చి, భీమయ్యను వరండలకు పిలిచింది.

"అబద్ధం చెప్పకండి భీమయ్య గారూ. ఏం పెడుతున్నారు ఆవిడకి?"

"ఉప్పు ముట్టనియ్యలే సిస్టర్. తాళమేసి పోతున్న."

"ఏం వండుతున్నారో ఒక్కొక్కటే చెప్పండి."

భీమయ్య చెప్పిండు. నేర్చుకున్నది గనుక గడగడ వచ్చింది.

"పప్పు కడుగుత. టమాటలు కోస్త. పసుపు వేస్త, పచ్చిమిరపకాయ వేస్త. చెంచెడు సోడా వేసి..."

"ఆగండి. ఏ సోడా?"

"తినే సోడా. జల్ది ఉడుకుతదని."

"రోజూనా?"

"అన్నిట్ల."

హెలెన్ బెంచీ మీద కూసున్నది.

"అది కూడా ఉప్పు చేసే పనే చేస్తుందండీ. నీళ్ళు నిలబెడుతుంది. ఉప్పు వేయట్లేదు కదా అని అడిగి ఊరుకున్నాను. ఒక్కసారి వెనక గదికి వచ్చి మీ గిన్నె చూసుంటే సరిపోయేది."

"మరి తొక్కు?"

"తొక్కు తినాల్సిన పనేముంది? ఇది చాలదా?"

భీమయ్య లోపలికి పోయి మంచం పక్కపొంటి నిలబడ్డడు. సోడా సంగతి చెప్పిండు. నాలుగు మాటలల్ల అయిపోయింది. సారలమ్మ మొఖం మీది రబ్బరు కప్పు పక్కకు జరిపింది.

"నాకు తాళం వేసినవ్."

"వేసిన."

ఆమె మళ్ళ కప్పు పెట్టుకోని దమ్ము తీసుకున్నది. మళ్ళ జరిపింది.

"బుచ్చిని పిలువుపో."

బస్సెక్కి అంబర్‌పేట్ పోయిండు. బుచ్చవ్వ తలుపుల నిలబడి ఇన్నది, లోపలికి రమ్మనలే.

"నీ గల్లీల ఒర్రినవ్ బావ. నా గల్లీకొచ్చి చెవుల చెప్తున్నవ్."

భీమయ్య తల వంచుకోని నిలబడ్డడు. ఆమె తలుపు దగ్గరికేసి చెప్పులు తొడుక్కున్నది. బస్సుల ఆమె ముందట ఆడోళ్ళ సీట్ల కూసున్నది, ఈయన వెనక నిలబడ్డడు.

వాళ్ళు పోయేసరికి డాక్టరు మంచం కాడ ఉన్నడు. కాయిదం చూసి, సారలమ్మ కాళ్ళు చూసి, భీమయ్య భుజం మీద చెయ్యి వేసిండు.

"ఇగ ఆమె ఏమడిగితే అది పెట్టు."

"ఉప్పు?"

"ఏదైనా పెట్టు."

భీమయ్యకు సమజైంది. బుచ్చవ్వ మొఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నది. సారలమ్మ గూడ ఇన్నది.

"పచ్చిపులుసు" అన్నది.

"నేను చేసుకొస్త అక్క" అని బుచ్చవ్వ లేసింది.

"నువ్వొద్దు. ఆయన చేస్తడు. దానికి పొయ్యి అక్కర్లేదు."

హెలెన్ నర్సుల రూములకెళ్ళి చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, చాకు తెచ్చిచ్చింది. ఒక కాయిదంల ఉప్పు గూడ తెచ్చింది. భీమయ్య మంచం పక్కన నేల మీద గిన్నె పెట్టుకోని కూసున్నడు.

"చింతపండు పిసుకు. పిప్పి తీసెయ్యి. నీళ్ళు పొయ్యి, శాన కాదు. ఉల్లిగడ్డ సన్నగ కొయ్యి. ఇంక సన్నగ. చెట్టు నరుకుతున్నవా?"

పక్క మంచం ఆమె నవ్వింది. భీమయ్య సన్నగ కోసిండు. మిరపకాయ తుంచి వేసిండు. కాయిదం ఇప్పి ఉప్పు మూడు వేళ్ళతోని పట్టుకున్నడు. చెయ్యి గిన్నె మీద ఆగింది.

"ఎయ్యి."

వేసిండు. చెంచతోని ముంచి ఆమె నోటికి పెట్టిండు. ఆమె కండ్లు మూసుకోని మింగింది.

"ఇంకింత."

బుచ్చవ్వ దిక్కు చూసిండు. బుచ్చవ్వ కిటికీ దిక్కు చూస్తున్నది. ఇంకింత వేసి కలిపి పెట్టిండు.

"ఇప్పుడైంది" అన్నది సారలమ్మ. దమ్ము తీసుకోని మళ్ళ అన్నది, "గిట్లనే చేసుకో. పొయ్యి కాడికి పోబుద్ధి కాని దినం గిదే చేసుకో."

"సరే."

"ఇంకింత నోట్ల పొయ్యి."

భీమయ్య చెంచ ముంచిండు.