వీపు మీది మనిషి

ఇందులో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండొచ్చు. ఈ మధ్య నా జ్ఞాపకానికి నేనే పూచీ పడలేకపోతున్నాను. అయినా మా అన్నయ్య సంగతి ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను.

అన్నయ్య పొద్దున్నే టీ తాగి ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళేవాడు. అక్కడ ఆయన పని కూర్చోవడం. కొత్త కుర్చీ తయారవగానే వడ్రంగి కేకేసేవాడు. అన్నయ్య కూర్చుని, అటూ ఇటూ ఊగి లేచేవాడు. కుర్చీ కిర్రుమంటే మళ్ళీ పనిబల్ల మీదికి. కిమ్మనకపోతే సుద్దముక్కతో గుర్తు పెట్టి అమ్మకానికి.

"ఇద్దరు కూర్చున్నా కదల్లేదు. నా చేతికి దిష్టి తగులుతుందేమో!" అనేవాడు వడ్రంగి.

"నన్నడక్కు. బాగుందో లేదో ఆయన చెప్పాలి," అని అన్నయ్య వెనక్కి తల ఊపేవాడు.

యుద్ధంలో దెబ్బతిన్న స్నేహితుణ్ణి వీపున వేసుకుని అన్నయ్య కొండ దిగాడు. దారిలోనే అతని ప్రాణం పోయింది. శరీరాన్ని వాళ్ళవాళ్ళకి అప్పగించారు. బరువు మాత్రం దిగలేదు. ఇంటి గుమ్మంలో బూట్లు విప్పుతూ, "ఇతను కూడా వచ్చాడు," అన్నాడు అన్నయ్య. వదిన లోపలికెళ్ళి ఇంకో గ్లాసు మంచినీళ్ళు తెచ్చింది.

ఆ తర్వాత ఆయన ఎన్నడూ వెల్లకిలా పడుకోలేదు, గోడకి చేరగిలబడలేదు. వీపు రుద్దేటప్పుడు వదిన, "మరిదిగారూ, కాస్త పక్కకి జరగండి," అనేది. పిల్లలకి అతను బాబాయ్. ఒక్క చిన్నదానికే అతనంటే గుర్రు.

"నాన్నా, బాబాయ్‌ని కాసేపు దించి నన్నెక్కించుకోవా?"

"దిగితే మళ్ళీ ఎక్కడేమోనే తల్లీ," అని అన్నయ్య దాన్ని చంకనేసుకునేవాడు. అది చంకలోంచే వెనక్కి చూసి నాలుక బయటపెట్టేది.

పెద్దపిల్లలు ఎవరి కాపురాలకి వాళ్ళు వెళ్ళిపోయారు. చిన్నది బడిలో ఆటల టీచరైంది. ఎత్తు దూకడం నేర్పేది. అంత వయసొచ్చాక కూడా పిల్లలకి తనే దూకి చూపించేది.

వదినకి గుండె పట్టేసింది ఒక మధ్యాహ్నం. ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. చుట్టుపక్కల మగవాళ్ళంతా పనుల మీద వెళ్ళారు. ఎదురింట్లోంచి నేను పరిగెత్తానే గానీ నా చేతుల్లో బలమేదీ? భోజనానికి ఇంటికొచ్చిన అన్నయ్య వదినను కూడా వీపుకెత్తుకున్నాడు. మూడు మెట్లు దిగేసరికి మోకాళ్ళు మడతపడ్డాయి.

"ఆయన్ని దించకండి," గొణిగింది వదిన. "నన్నిక్కడే పడుకోబెట్టండి."

"నువ్వు నోరు మూసుకో."

ఆమెను నాకు ఆనించి, మలుపు దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. అన్నేళ్ళకి మొదటిసారి వీపు గోడకి ఆనించాడు. స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలిచి, "కాసేపు దిగరా. ఇప్పుడే వస్తాను," అన్నాడు.

మెట్టు మీద బస్తా దించినట్టు చప్పుడైంది. అన్నయ్య వదినను ఎత్తుకుని కుర్రాడిలా దిగిపోయాడు.

వదిన బతికింది. ఆమెకి ప్రమాదం తప్పిందని డాక్టరు చెప్పగానే అన్నయ్య మెట్ల దగ్గరికి వచ్చాడు. వీపు వంచి, చేతులు వెనక్కి చాచి, "ఎక్కరా," అన్నాడు. ఎవరూ ఎక్కలేదు. మర్నాడూ అంతే.

"అలిగాడు," అన్నాడు ఇంటికొచ్చిన వదినతో.

"అలక కాదు. మీ మోకాళ్ళు చూసి జాలిపడుతున్నారు."

అన్నయ్య కింద ఇప్పుడు ఏ కుర్చీ కిర్రుమనడం లేదు. వడ్రంగి తలగోక్కుని, కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమన్నాడు. అన్నయ్య మెట్టు మీదే ఉండిపోయాడు. కంచం అక్కడికే తెచ్చినా, "వీణ్ణి ఇక్కడ వదిలేసినవాణ్ణి, నాకు ముద్ద దిగుతుందా?" అనేవాడు. చొక్కా లోపల మనిషి కరిగిపోతున్నాడు. ఇలాగే ఉంటే దక్కడని డాక్టరు మొహమ్మీదే చెప్పాడు.

ఒక సాయంత్రం చిన్నది బడి నుంచి వచ్చింది, మెడలో ఈల వేలాడుతూ. తండ్రిని చూసింది. సంచి పక్కన పెట్టి, మెట్టు వైపు వీపు తిప్పి వంగింది.

"రా బాబాయ్. చిన్నప్పుడు నా చోటు లాక్కున్నావు. ఇదీ నీదే, ఎక్కు."

దాని బూట్లు ఒక్కసారిగా చదునయ్యాయి. రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకుంది.

అన్నయ్య దిగ్గున లేచాడు. "దించెయ్యి తల్లీ! దూకే కాళ్ళు నీవి!"

"ఎక్కడ దించను నాన్నా? చోటు చూపించు."

అన్నయ్య మెట్లు చూశాడు, గోడ చూశాడు, కింద వీధి చూశాడు. చూపించలేకపోయాడు.

ఆ పూట ఇంట్లోకొచ్చి అన్నం తిన్నాడు. వెల్లకిలా పడుకున్నాడు. ఇంకో ఏడాది బతికి, అలాగే వెల్లకిలా నిద్రలో పోయాడు.

చిన్నది ఇప్పుడు దూకదు. దూకి చూపించమని పిల్లలు గోల చేస్తే, "మీరు దూకండర్రా, నేను కర్ర పట్టుకుంటాను," అంటుంది.

చిన్నమ్మాయీ, ఇది నీకే పంపుతున్నాను. తప్పు రాస్తానన్న భయంతో ఎవరి పేరూ రాయలేదు, నువ్వే సరిచూసి చేర్చు. మెట్టు మీద మీ నాన్న పిలిచిన పేరు మటుకు నా నాలుక చివరిదాకా వచ్చి జారిపోతోంది. నీకూ తెలియకపోతే, నీ వీపు మీది బాబాయ్‌నే అడిగి రాయి.