కాయ వేసే ముందు కేక

సాలమోను ముప్పై అయిదేళ్లు మలికిపురం తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీశాడు. అన్నేళ్లలో ఆయన కోసిన కాయ ఒక్కటైనా మనిషి నెత్తిన పడలేదు. ఈ మాట తనంతట తాను చెప్పుకోడు గానీ, ఎవరైనా అడిగితే మాత్రం వదిలిపెట్టడు. గెల మీద కత్తి వేసే ముందు, "కింద ఎవరండీ? తప్పుకోండీ!" అని తోటంతా మోగేలా కేక వేసేవాడు. కింద కుక్క ఉన్నా అండీయే.

ఆ కేకని కూతురు బిందు కంప్యూటర్ ఆటలో పెట్టింది. అమలాపురంలో చదువుకుని, హైదరాబాదులో పిల్లల ఆటలు తయారుచేసే కంపెనీలో చేరిన పిల్ల. రెండువేల మూడు క్రిస్మస్‌కి వచ్చినప్పుడు తండ్రిని పెరట్లో నిలబెట్టి ఆయన గొంతు టేపులోకి ఎక్కించుకుంది. ఆటలో గళ్లలుంగీ కట్టిన బుజ్జి దింపువాడు చెట్టు మీంచి చెట్టు మీదకి దూకుతుంటాడు. కింద దొంగపీతలు కాయలు ఎత్తుకుపోతుంటాయి. వీడు గెల కోసే ముందు కేక వేస్తాడు. పీత తలెత్తి చూసి, హడలిపోయి, ఎత్తుకున్న కాయ అక్కడే పారేసి పరుగో పరుగు.

వేసవిలో హైదరాబాదు కంప్యూటర్ పత్రిక ఒకటి ఆ ఆట గురించి రాసింది. రిటైరైన హెడ్మాస్టరు నారాయణమూర్తిగారు టీకొట్టు దగ్గర చదివి వినిపించారు.

"పదికి నాలుగు మార్కులిచ్చేరు సాలమోనూ. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయిట. పీతలు నవ్వించేయిట."

"మరి మిగతా ఆరూ ఎక్కడికి పోయేయండీ?"

మేష్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "'శత్రువుని తప్పుకోమని బతిమాలే వీరుణ్ణి మేమెక్కడా చూడలేదు. పైగా కాయకో కేక. చెవులు చిల్లులు పడుతున్నాయి' అని రాసేడు."

"ఆయ్. ఆ రాసినాయన నెత్తిన ఎప్పుడూ కాయ పడలేదండి. పడుంటే రాయడానికి ఉండేవాడు కాదు."

టీకొట్టంతా నవ్వింది. సాలమోనూ నవ్వాడు గానీ, టీ సగంలోనే వదిలేశాడు. జన్మలో మొదటిసారి ఆయన పనికి ఎవరో మార్కులు వేశారు. అదీ అత్తెసరు మార్కులు!

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఎస్టీడీ బూత్ నుంచి కూతురికి ఫోన్ చేశాడు.

"నాన్నా, ఆ ఆటకి రెండో సీడీ తెస్తారంట. అందులో కేక తీసెయ్యమంటున్నారు," అంది బిందు. "తీస్తేనే ఆ పని నాకప్పగిస్తారంట. నాకస్సలు ఇష్టం లేదు. నువ్వేమంటావ్?"

"తీసెయ్యమ్మా. నాదసలే బొంగురు గొంతు. నీ పని నిలబడాలి."

రిసీవరు పెట్టేశాక ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. కూతురి కోసం తీసెయ్యమన్నాడు, నిజమే. కానీ ఆ కేక తీసేస్తే తనలో ఇంకేం మిగిలిందని?

మరుసటేడు బడులు తెరిచే వేళకి రెండో సీడీ మలికిపురంలో రాంబాబు కంప్యూటర్ సెంటరుకి వచ్చింది. సాలమోను లోపలికి వెళ్లలేదు. రోడ్డు వార నిలబడి కిటికీలోంచి చూశాడు. మొదటి సీడీ అరిగేదాకా ఆడిన పిల్లలే, పదిమంది ఒక్క కంప్యూటర్ మీద పడి ఉన్నారు. దింపువాడు ఎక్కాడు. గెల కోశాడు. చప్పుడు లేకుండా కాయ వచ్చి పీత నెత్తిన పడింది. మార్కులు గలగలా పెరిగాయి. ఒక్కరూ నవ్వలేదు.

"అదేంటి, చెప్పకుండా వేసేసేడు!" అంది రెండు జడల పిల్ల ఒకతె. "పాపం, పీతకి తెలియొద్దా?"

రెండో గెలకి ఆ పిల్లే లేచి నిలబడి, నోటి చుట్టూ చేతులు పెట్టి, "కింద ఎవరండీ?" అని అరిచింది. మూడో గెలకి పదిమందీ ఆ కేక అందుకున్నారు.

"తప్పుకోండీ!"

కేక రోడ్డు మీద పడింది. చేపల గంపతో వస్తున్న ఎలీసమ్మ ఠక్కున తలెత్తి పైకి చూసి పక్కకి జరిగింది. సైకిలాయన దిగిపోయాడు. పైన కరెంటు తీగలే గానీ ఆ దరిదాపుల్లో కొబ్బరిచెట్టే లేదు!

సాలమోను కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చూసుకుంటే, తనూ రెండడుగులు వెనక్కి వేసి ఉన్నాడు. ముప్పై అయిదేళ్లు ఆ కేక చెట్టు మీంచి వేసినవాడే గానీ, కింద నిలబడి వినడం ఆయనకి అదే మొదలు.

తిన్నగా ఎస్టీడీ బూత్‌కి నడిచాడు. పదికి పది వచ్చాయని కూతురికి చెప్పాలి.