అయిదు నిమిషాలమ్మ క్లాసు

కరాటే క్లాసులో పాఠం చెప్పే ఆమెను అందరూ వెనకాల 'అయిదు నిమిషాలమ్మ' అనేవారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె కాలు లేచిందంటే ఎదుటివాళ్ల చెవి పక్కన గాలి కొట్టాల్సిందే. ఆ కాలికి ఎంత చురుకో, క్లాసుకు బయల్దేరడానికి అంత బద్ధకం. పగలంతా బ్యూటీ పార్లర్లో పని. సరిగ్గా బయల్దేరే వేళకే ఎవరో ఒకావిడ కనుబొమ్మలు సరిచేయమంటూ దిగేది. "అయిదు నిమిషాల్లో ఉంటా" అని క్లాసు వాళ్లకు ఫోన్లో చెప్పి దారం అందుకునేది. కనుబొమ్మలు రెండే గానీ కబుర్లకు లెక్కెక్కడ?

అలాంటి ఓ సాయంత్రమే అత్తగారి కాలు పట్టేసింది. అవును, స్వయానా ఆమె అత్తగారే. మోకాళ్లనొప్పులకు మాత్రలు మింగేకన్నా కోడలి దగ్గర నాలుగు తన్నులు నేర్చుకోవడం మేలని, కొత్తగా పెట్టిన ఆడవాళ్ల బ్యాచ్‌లో అందరికన్నా ముందు చేరిపోయింది ఆవిడ. టీచరమ్మ ఎంతకీ రాదాయె. ఊరికే నిలబడ్డం ఆవిడ జాతకంలో లేదు. ఒళ్లు వేడెక్కకుండానే కాలెత్తి ఒక్కటి విసిరింది. తొడ వెనక కండ పట్టేసి "చచ్చాన్రా దేవుడా" అంటూ కూలబడింది.

పెద్ద మాస్టారు పరుగున వచ్చి ఆవిడ కాలికి ఐసు పెట్టించి, మిగతావాళ్ల చేత వార్మప్ మొదలుపెట్టించారు. కోడలు రొప్పుతూ వచ్చేసరికి మ్యాట్ అంచు చూపించారు. ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు మ్యాట్ అంచున, గోడకేసి తిరిగి, మోకాళ్ల మీద కూర్చోవాలి. క్లాసు నడిపేవాళ్లు "రండి" అనేదాకా లేవకూడదు.

"నేను టీచర్ని కదా మాస్టారూ!"

"అందుకే కూర్చోమంటున్నా. వాళ్లు లేటొస్తే వాళ్ల పాఠం పోతుంది. నువ్వు లేటొస్తే వాళ్ల కాళ్లు పోతాయి."

తన శిష్యుల ముందు, అందులోనూ అత్తగారి ముందు, ఆమె గోడకేసి కూర్చుంది. తల కొట్టేసినట్టయింది. క్లాసు అయ్యాక మాస్టారు తన మెడలో దారానికి వేలాడే హాలు తాళంచెవి పట్టుకుని, "బెల్టు పరీక్ష దాకా చూస్తానమ్మాయ్. ఈలోగా ఒక్కసారి ఆలస్యమైనా ఈ బ్యాచ్ ఇంకొకరిది. కాలేదా, ఈ తాళంచెవి నీది" అన్నారు.

ఆ బ్యాచ్ అంటే ఆమెకు ప్రాణం. పార్లర్లో ఆమె వస్తే ఎవరూ లేచి నిలబడరు. ఇక్కడ వంటావిడ నుంచి లాయరమ్మ దాకా అందరూ వంగి నమస్కారం పెడతారు.

ఇంటికి కుంటుకుంటూ నడుస్తూ అత్తగారు ఒకటే మాట అంది. "నా కాలు పోతే పోయిందమ్మాయ్. నా కోడలు గోడకేసి కూర్చోవడం మాత్రం ఇంకోసారి నా కళ్లబడకూడదు."

అంతే, ఆమె మారిపోయింది. బయల్దేరే వేళైతే చేతిలో దారం అక్కడే పడేసేది. ఒకావిడను ఒక కనుబొమ్మతోనే పంపి, రెండోదానికి రేపు రమ్మందని గిట్టనివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. శిష్యులు వచ్చేసరికే మ్యాట్ తుడిచి సిద్ధంగా ఉండేది.

బెల్టు పరీక్ష రోజు రానే వచ్చింది. అందరూ వచ్చారు. మాస్టారే రాలేదు. ఎప్పుడూ అందరికన్నా ముందే వచ్చి తలుపు తీసే మనిషి! ఫోన్ ఎత్తడం లేదు. తాళంచెవి ఆయన మెడలోనే ఉంది.

క్లాసు వేళయింది.

"తలుపే తీయలేదు, ఇంక క్లాసేంటండీ?" అంది లాయరమ్మ. "పెద్దాయన వచ్చాకే మొదలెడదాం."

ఆమెకూ అదే మేలనిపించింది. గురువు లేకుండా పరీక్షరోజు మొదలుపెడితే ఆయనకు కోపం రాదూ? చేతిదాకా వచ్చిన తాళంచెవి నోటిదాకా వచ్చిన కూడులా జారిపోదూ? అలా గుంజాటన పడుతూ పక్కకు చూసింది. ఊరికే నిలబడలేని అత్తగారు క్లాసు కోసం చీర బదులు వేసుకొచ్చిన ప్యాంటు పైకి లాక్కుని అప్పుడే కాలెత్తబోతోంది.

"కాలు దించండత్తయ్యా!"

ఆ కేకతో ఆమె గుంజాటనా తీరిపోయింది. "చెప్పులు విప్పి వరసగా పెట్టండి. ఇవాళ ఆ వరసే మన మ్యాట్ అంచు" అంది. హాలు ముందున్న సిమెంటు చప్టా మీద వార్మప్ మొదలైంది.

మెడలు అయ్యాయి. భుజాలు సగంలో ఉండగా మాస్టారు స్కూటర్ తోసుకుంటూ వచ్చారు. టైరులో గాలి లేదు, చేతుల నిండా గ్రీజు. స్టాండు వేసి నేరుగా చెప్పుల వరస దాటబోయారు.

ఆమె చెయ్యి అడ్డంగా చాపింది.

"గోడకేసి, మాస్టారూ."

పక్క కొట్లో దర్జీ మిషన్ ఆపేశాడు. మాస్టారు ఆమెను చూశారు, చెప్పుల్ని చూశారు. తర్వాత మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని గోడకేసి తిరిగారు.

ఆమె తొందరపడలేదు. భుజాలు, నడుము, మోకాళ్లు, చీలమండలు, ఒక్కటీ కుదించలేదు. అందరి ఒళ్లూ చెమట పట్టాకే "రండి మాస్టారూ" అంది.

ఆయన గోడ పట్టుకుని లేచారు. "పంక్చరమ్మా. అయినా అయిదు నిమిషాలేగా..." అని నాలుక్కరుచుకున్నారు.

చప్టా అంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా మాస్టారే నవ్వారు. నవ్వుతూనే మెడలోంచి దారం తీసి, గ్రీజు చేతులతోనే తాళంచెవి ఆమెకిచ్చి, అందరి ముందూ వంగి నమస్కరించారు.

"నీ పరీక్ష అయిపోయింది. తలుపు తియ్యి, వీళ్లది పెడదాం."

ఆమె కళ్లు మసకబారి తాళం బెజ్జం ఓ పట్టాన కనబడలేదు. లోపల అత్తగారు తన్నిన తన్నుకు ప్యాడ్ పట్టుకున్న లాయరమ్మ రెండడుగులు వెనక్కి వెళ్లింది. ఆ కాలికి ఈసారి ఏమీ కాలేదు.

మర్నాడు ఆమె తన తాళంచెవితో తలుపు తీసింది. వేళకు మొదలుపెట్టింది. వార్మప్ సగంలో అత్తగారు వచ్చింది, నిన్నటి కథ వీధి వీధంతా చెప్పేసరికి ఆలస్యమైపోయిందట.

"గోడకేసి, అత్తయ్యా."

ఆవిడ వెంటనే మోకాళ్ల మీద కూర్చుంది. వెలిగిపోతున్న మొహంతో గోడకు చెప్పుకుంది.

"మాస్టార్నే కూర్చోబెట్టింది మా కోడలు. నేనెంత!"