మూడో విజిల్

ముందు గదిలో మిషను మీద బట్టలు కుట్టే కోడలికి, మధ్యాహ్నం పని కాస్త తెమిలిందంటే ఫోనులో పరుగు పందెమే. నలుగురు నింజాలు గోడలెక్కి, డాబాలు దూకి గీత దాటాలి. ఆడేవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో! ఏ గట్టిపిండమో గానీ, ‘ముసుగుపిల్లి’ అనే నింజా పది రోజులుగా ఆమెను మట్టి కరిపిస్తోంది.

“నీ కాళ్ళు విరగ, ఒక్కసారైనా జారిపడవేం!” అని పళ్ళు నూరేది కోడలు.

“ఎవరినే అమ్మాయ్, ఆ తిట్లు?” అనేది పక్కగదిలోంచి, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగని అత్తగారు.

“సూది గుచ్చుకుందత్తయ్యా!”

ఆవేళ కుక్కర్లో బంగాళదుంపలు పెట్టి పందెంలోకి దిగింది. కుక్కర్ విజిల్ వేసింది. బల్లిలా గోడెక్కుతున్న ముసుగుపిల్లి టక్కున ఆగిపోయింది. రెండో విజిల్‌కీ అంతే. మూడో విజిల్‌కి ఏకంగా దబ్బున కిందపడింది. ఆ వెంటనే పక్కగదిలోంచి కేక:

“అమ్మాయ్, మూడయ్యాయి, పొయ్యి కట్టెయ్!”

విజిల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టడం అత్తగారికి ముప్పై ఏళ్ళ అలవాటు. వేలు ఫోను వదిలేస్తే పిల్లి పడక ఏం చేస్తుంది? కోడలు తొంగిచూసింది. దుప్పటి కింద ఫోను వెలుగుతోంది. కిక్కురుమనకుండా వెనక్కొచ్చేసింది.

మర్నాటి నుంచి కుక్కర్ ఎక్కించందే ఆమె పందెంలోకి దిగలేదు. ఒక్కోరోజు అందులో ఉత్త నీళ్ళే.

“ఈమధ్య నా రోజులే బాగాలేవు వదినా,” అంది అత్తగారు పక్కింటావిడతో. “మా కోడలు మాత్రం బంగారం. ఎప్పుడూ పొయ్యి మీద ఏదో ఒకటి పెడుతూనే ఉంటుంది!”