ఒక్క చెంచాకి దారి

మా ఆవిడ ట్రీన్ నోరు మూసుకుంది. కోపంతో కాదు. దాని కోపం నాకు తెలుసు, పెళ్ళైన నాటి నుంచీ దానితోనే కాపురం. ఈసారి జ్వరం వచ్చి తగ్గాక, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే గోడవైపు తిరిగి పడుకుంది. ఆపైన మాటా లేదు, ముద్దా లేదు. నీళ్ళు మాత్రం రెండు గుక్కలు దిగేవి.

"గొట్టంతో తిండి పెట్టొద్దని ఆవిడే ఎప్పుడో చెప్పేశారు కదా వుబ్బో గారూ," అంది రోజూ వచ్చే నర్సు ఫెన్నా. "ఈ వారం కూడా తినకపోతే ఇక..."

"ఇక ఏమవుతుందో నాకు తెలుసులే అమ్మాయ్. ఆ మాట నా ఇంట్లో అనకు."

పాపం, ఆ పిల్ల ఏం చేస్తుంది? నాకే పిచ్చెక్కిపోతోంది. ట్రీన్‌కి వాళ్ళమ్మ కప్పులో సూప్ పోసిచ్చాను, తోసేసింది. గుర్రమెక్కి వచ్చి కానుకలిచ్చే సింటర్‌క్లాస్ తాత పండగ నెల కదా అని, చిన్నపిల్లలకు పెట్టినట్టు దాని బూటులో మసాలా బిస్కెట్లు నింపి, ఆయన గుర్రానికని పక్కన క్యారెట్ కూడా పెట్టాను. చూడనైనా లేదు. రొట్టెను తొలిచి, లోపల ట్రీన్ పేరు మొదటి అక్షరం ఆకారంలో ఉన్న చాక్లెట్ దాచి తెచ్చాను. కళ్ళు మూసుకుంది. ఆ చాక్లెట్ వంటింట్లో నిలబడి నేనే తిన్నాను, ఏడుస్తూ.

సింటర్‌క్లాస్ సాయంత్రం వచ్చింది. మా ఊరు డెల్ఫ్‌జైల్‌లో ఆ రోజు కానుకను కానుకలా ఇస్తే నవ్వుతారు. అట్టతో ఏదో బొమ్మ కట్టి, కానుకను అందులో దాచి, పుచ్చుకునేవాళ్ళను ఏడిపిస్తూ ఓ పాట రాయాలి. పాట పైకి చదివాకే విప్పాలి. ఇచ్చినవాడు మాత్రం చచ్చినా ఒప్పుకోకూడదు, అంతా ఆ సింట్ మహాత్ముడి పనే అనాలి. ఈ ఆటలో ట్రీన్‌ను మించినవాళ్ళు మా వీధిలో లేరు. ఓసారి జిగురు పాకం బకెట్‌లో నా గడియారం దాచింది. మోచేతి దాకా ముంచి తీశాను. "నువ్వే కదూ?" అని ఈనాటికీ అడుగుతూనే ఉన్నాను, "నాకేం తెలుసు?" అంటూనే ఉంది. అంటూనే ఉండేది.

మా ఆవిడ కాలువ మీద పడవలకు దారిచ్చేందుకు వంతెన ఎత్తే ఉద్యోగం చేసింది. గాలానికి చెక్క చెప్పు కట్టి పడవల వాళ్ళ ముందుకు వదిలితే వాళ్ళు అందులో వంతెన సుంకం చిల్లర వేసేవారు. అందుకే అట్టతో వంతెన కట్టాను. అది ఓ పక్కకు ఒరిగింది. గాలానికి చిన్న చెక్క చెప్పు వేలాడదీశాను. బాదం ముద్ద పెట్టి పొరల పిండిలో కాల్చిన కడ్డీలాంటి మిఠాయిని వంతెన పొట్టలో దాచాను. వంతెన ఎత్తితేగాని రాదు.

మంచం పక్కన పెట్టి పాట చదివాను.

"ఊళ్ళో ప్రతి పడవకీ వంతెన ఎత్తిందా,
ఒక్క చిన్న చెంచాకి నోరు మూసిందా!"

అక్కడితో ఆపాల్సింది. ఆపలేకపోయాను. రాసేటప్పుడే నా వశం తప్పి, కింద ఇంకో రెండు ముక్కలు గెలికాను. అవీ చదివేశాను. "తిను ట్రీన్. నీ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు లేకపోతే నేనుండలేను. నీ వుబ్బో."

ఫెన్నా కిటికీ వైపు తిరిగిపోయింది. అయిపోయింది, నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు అనుకున్నాను.

మంచం కిర్రుమంది. ట్రీన్ ఇటు తిరుగుతోంది. నా చేతిలోని కాగితం వైపు చూసింది, కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి చూసి ఎన్నాళ్ళయిందో.

"సంతకం పెడతారా ఎవరైనా?" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "తెలివితక్కువ దద్దమ్మా. కలం ఇలా ఇయ్యి."

ఫెన్నా పరుగెత్తి కలం తెచ్చింది. ట్రీన్ నా పేరు కొట్టేసింది, నా బతిమాలుడంతా కొట్టేసింది. కింద వంకర అక్షరాలతో 'సింట్' అని రాసింది. అంతలోనే అలిసిపోయి కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి వంతెన వైపు చూసింది.

"ఒరిగిపోయింది," అంది.

"అవును."

వేలు చాచి వంతెన రెక్క ఎత్తింది. కడ్డీ బయటికొచ్చింది. నేను చిన్న ముక్క తుంచి, చెక్క చెప్పులో వేసి, గాలంతో దాని ముందుకు వదిలాను. చెప్పు ఊగింది. ట్రీన్ అలవాటుగా దాన్ని పట్టుకుంది, ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. మింగింది.

"నిమ్మతొక్క తక్కువైంది," అంది. "చేసినవాడికి చెప్పు."

నేనే చేశానే, తెల్లారకముందే లేచి చేశానే అని గొంతుదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"ఎవరు చేశారో నాకేం తెలుసు?" అన్నాను.

ట్రీన్ చెప్పును మళ్ళీ నా వైపు తోసింది. ఇంకో ముక్క వేశాను.