టాంటలం ఎక్కువైన కొండ

ల్యాబులో గైడు, ఇంట్లో మామగారు. రెండు చోట్లా ఆయనే ఉంటే కోడలు ఎవరికి మొర పెట్టుకోవాలి? పెళ్లినాడు ఇదొక వరం అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మేం పరిశోధించేది ఒక గ్రానైటు కొండను. భూమి పైపలకల్లో ఒకటి మరొకదాని కిందకు కూరుకుపోయేచోట కరిగి పుట్టిన రాయి అది అని అందరూ అనేవారు. కాదని మామగారి వాదం. అలా పుట్టిన రాళ్లలో నియోబియం, టాంటలం అనే మూలకాలు తక్కువగా ఉంటాయి, కవలల్లా కలిసే తగ్గుతాయి. మా రాళ్లలో టాంటలం మాత్రం పుష్కలంగా ఉంది. ఆ ఒక్క అంకె మీదే ఆయన పేరు నిలబడింది, నా థీసిస్ కూడా. సోమవారం సమర్పించాలి.

కవలల్లో ఒక్కరే బొద్దుగా ఉండటం నాకు మింగుడుపడలేదు. రాళ్లన్నీ పొడి చేసింది టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నెలో. గట్టి గిన్నె, పని త్వరగా అవుతుంది, కానీ అరుగుతూ తనలోని టాంటలాన్ని పొడిలో కలిపేస్తుంది. కొత్త ముక్కను టాంటలం లేని అగేటు రాతి గిన్నెలో ఓపిగ్గా నూరి మెషీన్‌లో పెట్టి చూశాను. టాంటలం చతికిలపడింది. అందరూ అన్న మాటే నిజం.

మామగారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు, అందుకే భయమేసింది. గిన్నె మీద తనకు ఎప్పుడో అనుమానం వచ్చిందని, ఈ వయసులో మాట వెనక్కి తీసుకుంటే తలెత్తుకోలేనని, నా థీసిస్ కూడా మళ్లీ మొదటికొస్తుందని నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఇంకెవరికైనా చెప్పావామ్మా?"

"లేదు మామయ్యా. ముందు మీకే చెప్పాలనిపించింది."

"మంచి పని చేశావు. మా ఇంటి పిల్లవనిపించుకున్నావు."

ఆ మెచ్చుకోలు కోసం ఇన్నేళ్లు ఎదురుచూశాను. ఇప్పుడు దొరికింది.

ఆయన చొక్కా చేతులు మడిచి, మిగిలిన పొడిని సింకులో పోసి, అగేటు గిన్నెను శుభ్రంగా కడిగి తుడిచారు. నేను ఆపవచ్చు. నా బ్యాగు సర్దుకున్నాను. ఆలస్యమైతే అబ్బాయి కంగారుపడతాడు, పద అన్నారు.

కారు తలుపు నాకోసం తెరిచి పట్టుకున్నారు. ఎక్కాను. బెల్టు పెట్టుకోమని గుర్తుచేశారు. పెట్టుకున్నాను.