లిఫ్టాయన వీసా

పండుకి మొగుడి మీద అనుమానం మొదలైంది ఉత్తరాల పెట్టె దగ్గర.

వాళ్ళుండేది మూడో అంతస్తులో. ఉత్తరాల పెట్టె కింద మెట్ల పక్కన ఉంటుంది. దాని తాళంచెవి పెళ్ళైన నాలుగేళ్ళుగా గుమ్మం పక్క మేకుకి వేలాడుతూ ఉండేది. ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళు తీసుకునేవాళ్ళు. అతని వీసాకి కాగితాలు పంపిన ఆరో నెలలో ఒకరోజు చూస్తే మేకు బోసిగా ఉంది. తాళంచెవి అతని పనిబట్టల జేబులోకి చేరింది.

"ఇకమీదట ఉత్తరాలు నేనే తెస్తాలే అమ్మాయ్. నీకసలే మోకాళ్ళ నొప్పులు," అన్నాడు.

పండుకి ముప్పై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నది ఆమె పిన్నికి.

అతని తెలుగంతా ఆ పిన్ని మన దేశం నుంచి ఫోనులో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విని నేర్చుకున్నది. అందుకే ఆరడుగుల మనిషి, ఆ పరాయి ఊళ్ళోనే పుట్టి పెరిగిన లిఫ్టు మెకానిక్కు, నోరు తెరిస్తే అరవై ఏళ్ళ ఆడమనిషిలా మాట్లాడేవాడు. జలుబు చేస్తే "నా ప్రాణానికి సుఖమనేది రాసిపెట్టి లేదు" అనేవాడు. ఎప్పుడూ పండు పడీపడీ నవ్వేది. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

అనుమానానికి విత్తనం వేసింది కూడా పిన్నే. తల్లి పోయాక పండుని పెంచింది ఆవిడ. పరాయి దేశంలో పరాయివాణ్ణి చేసుకున్నానని చెబితే మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి అతనికి 'మన లిఫ్టాయన' అని పేరు పెట్టేసుకుంది. కానీ అతన్ని మన దేశానికి తెచ్చుకోవడానికి పండు దరఖాస్తు పెట్టిందనగానే మళ్ళీ మొదలెట్టింది.

"ఒళ్ళు దగ్గర పెట్టుకోవే. వీసా చేతికొచ్చిన మర్నాడే ఉడాయించేవాళ్ళు కోకొల్లలు. ఆ నవ్వుమొహం చూసి మోసపోకు."

"అలాంటివాడు కాదు పిన్నీ."

"అలాంటివాడని ఎవడి నుదుటి మీదా రాసుండదు."

తిరిగి వెళ్ళిపోవాలన్న కోరిక పండుదే. అక్కడ ఆమె కళ్ళు పరీక్షించి అద్దాలు రాసిచ్చే మనిషి. ఇక్కడ ఆ చదువు చెల్లలేదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో, కిటికీ కూడా లేని చోట, రోజంతా అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించడమే పని. ఎనిమిదేళ్ళు చేసింది. ఇక చాలనుకుంది. "నువ్వెక్కడుంటే అక్కడే" అన్నాడతను. అన్నప్పుడు ఆమె మొహంలోకి కాకుండా పొయ్యి మీద గిన్నెలోకి చూస్తూ అన్నాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది.

ఒకటి గుర్తొస్తే పది గుర్తొస్తాయి. వీసా మాట ఎత్తితే చాలు, ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోయేది. పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్ళిపోయేవాడు. "ఉత్తరమేమైనా వచ్చిందా?" అని అడిగితే "ఇంకా లేదు" అనేవాడు. ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని తిరుగుతున్నట్టు, అడగడం పూర్తికాకముందే అనేవాడు. చార్టులో అక్షరాలు కనబడకపోయినా కనబడుతున్నాయని బొంకేవాళ్ళని పండు వందలమందిని చూసింది. వాళ్ళూ ఇంతే, అవసరమైన దానికంటే తొందరగా చెబుతారు.

అలా నెల గడిచాక ఒకరోజు దుకాణంలో ఉండగా ఆమె ఫోనుకి వీసా ఆఫీసు నుంచి ఒక మెయిలు వచ్చింది. రెండే వాక్యాలు. 'గత నెల మేము పంపిన ఉత్తరానికి మీ నుంచి జవాబు రాలేదు. ఇంకా పదిరోజులు గడువుంది.'

ఏ ఉత్తరం?

తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. అతను పనిలో ఉన్నాడు, రోజూ మోసుకెళ్ళే పెట్టె కూడా అతనితోనే ఉంది. బాల్కనీలో పాత పనిముట్ల పెట్టె ఒకటుంది. నాలుగేళ్ళలో ఆమె దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు. ఇప్పుడు స్పానర్లన్నీ నేలమీద పరిచి, అడుగున మడతపెట్టిన కవరు బయటికి తీసింది. దాని మీద ఆమె పేరే ఉంది. కవరు చించి ఉంది.

అందులో ఉన్నదిది: పదకొండేళ్ళ క్రితం ఇతని కోసం మన దేశపు మరొక స్త్రీ, కాబోయే భార్యనని దరఖాస్తు పెట్టింది. వీసా ఇచ్చాం. ఆ విషయం అడిగిన చోట మీరు 'లేదు' అని రాశారు. కారణం తెలియజేయండి.

దరఖాస్తులో ఆ గడి పండుకి బాగా గుర్తుంది. "నీకోసం ఇంతకుముందు ఎవరైనా దరఖాస్తు పెట్టారా?" అని తను చదివితే, అతను ఉల్లిపాయలు తరుగుతూ "లేదు" అన్నాడు. ఆమె 'లేదు' అని రాసి కింద సంతకం పెట్టింది.

పిన్ని మాటలు చెవుల్లో గింగురుమన్నాయి. అంటే వీడికిది అలవాటన్నమాట. మన దేశం ఆడదాన్ని వెతికి పట్టుకోవడం, కాగితాలు పెట్టించడం! అప్పుడు వీసా కూడా వచ్చిందట. మరి అప్పుడే వెళ్ళిపోకుండా ఇక్కడెందుకున్నాడు? ఎంత ఆలోచించినా అక్కడ లెక్క తెగలేదు.

తిన్నగా వదిన దగ్గరికి వెళ్ళింది. వదినంటే అతని అక్క. రెండు వీధుల అవతల జుట్టు కత్తిరించే దుకాణం ఆవిడది. పండు కవరు తీసి చూపించగానే ఆవిడ కుర్చీ తిప్పి "కూర్చో" అంది. మెడ చుట్టూ గుడ్డ కట్టి దువ్వెన చేతిలోకి తీసుకుంది. చేతిలో పనుంటే తప్ప ఆవిడకి నోరు పెగలదు.

"ఎవరు వదినా ఆవిడ?"

"మంచి పిల్లే. స్కూల్లో టీచరు. పెళ్ళి అక్కడికెళ్ళాకే చేసుకుందామనుకున్నారు."

"మరి వీసా వచ్చాక ఏమైంది?"

"విమానం ఎక్కింది."

"ఇద్దరూ వెళ్ళారా?"

"ఆవిడే వెళ్ళింది. వీడు గేటు దగ్గర కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు." వదిన దువ్వెన అద్దం ముందు పెట్టేసింది. "నాకు ఫోన్ చేస్తే నేనెళ్ళి తీసుకొచ్చాను. మా అమ్మ పోయాక వీణ్ణి ఒక్కో ఏడాది ఒక్కో చుట్టం ఇంట్లో ఉంచారు. సంచి సర్దితే చాలు వణికిపోయేవాడు. పెద్దయ్యాక పోయిందనుకున్నాం."

అద్దంలో పండు తన మొహం తనే చూసుకుంది. వీసా చేతికొచ్చాక మొగుడు వదిలేసి పోతాడని కదా ఇన్నాళ్ళూ తన భయం. వాడు వదిలేసేది పోయి కాదు, ఉండిపోయి.

సాయంత్రం అతను వచ్చేసరికి వంటింటి బల్ల మీద ఉత్తరం పరిచి ఉంది. చూశాడు. సింకు దగ్గరికెళ్ళి గ్రీజు చేతులు చాలాసేపు కడుక్కున్నాడు.

"అక్క చెప్పిందా?"

"గేటు దాకా చెప్పింది. మిగతాది నువ్వు చెప్పు."

పిన్ని దగ్గర నేర్చుకున్న తెలుగు అక్కడికి సరిపోలేదు. తన భాషలోకి మారాడు. "లేద్దామనే అనుకున్నాను. కాళ్ళు రాలేదు. మైకులో నా పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరినో పిలుస్తున్నట్టు వింటూ కూర్చున్నాను."

"నా దగ్గర దాచడమెందుకు? నాచేత అబద్ధం రాయించావు!"

"చెబితే రోజూ నా కాళ్ళవంకే చూస్తావని."

"ఇప్పుడు మాత్రం చూడనా?"

అతను తువ్వాలు తీసి తడిచేతులు తుడుచుకున్నాడు.

"అసలు నీకు రావాలని ఉందా లేదా? నాకోసం అని చెప్పకు. ఉందా?"

"ఉంది. రాగలనో లేదో తెలీదు. రెండూ నిజమే."

ఆ రాత్రి పండు వేరే గదిలో పడుకుంది. రెండు రోజులు అతనితో ఉప్పూ కారం తప్ప వేరే మాట లేదు. మూడో రోజు పొద్దున్నే ఒక తెల్లకాగితం అతని ముందు పెట్టి "జరిగింది జరిగినట్టు రాయి. నీ రాతలోనే రాయి," అంది. ఒకటిన్నర పేజీ రాశాడు. దాని కింద, తనకి తెలియక 'లేదు' అని రాశానని ఆమె కూడా రాసి సంతకం పెట్టింది.

పిన్ని ఫోనులో విషయమంతా రెండుసార్లు చెప్పించుకుంది. "అయితే మన లిఫ్టాయన వీసా కోసం చేసుకోలేదన్నమాట," అంది చివరికి. తన జోస్యం తప్పినందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే ఉంది ఆ గొంతు.

ఇంటర్వ్యూలో అధికారి వాళ్ళని వేరువేరుగా గంటసేపు అడిగాడు. "ఈసారి ఎక్కుతాడని మీకు నమ్మకమేనా?" అని పండునడిగితే "లేదండీ" అంది. ఆయన కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసి, ఏదో రాసుకున్నాడు. నాలుగు నెలలకి వీసా వచ్చింది.

ప్రయాణం రోజు అతను విమానాశ్రయంలో అసలు కూర్చోలేదు. కూర్చుంటే లేవనేమోనని రెండు గంటలూ నిలబడే ఉన్నాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. పండు అతని చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే లాగినట్టవుతుంది. "నేను ముందు నడుస్తాను, వెనక్కి తిరగను" అని ఇంటి దగ్గరే చెప్పింది, అలాగే నడిచింది. విమానం గుమ్మం దాటి, తన వరుస వెతుక్కుని, కిటికీ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకునేదాకా తిరగలేదు. పక్క సీట్లో ఎవరో ధబ్బున పడ్డారు. పళ్ళు కటకటలాడుతున్న చప్పుడు వినబడింది. అప్పుడు తిరిగి చూసింది.

అతనొచ్చి ఇప్పటికి ఏడాదైంది. లిఫ్టుల కంపెనీలోనే పని దొరికింది. పిన్నికీ అతనికీ క్షణం పడదు, క్షణం విడిచి ఉండలేరు. పండు రోజూ జనం కళ్ళు పరీక్షిస్తోంది. అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. వారానికోసారి, అతను స్నానానికెళ్ళినప్పుడు, బీరువా సొరుగు లాగి అతని పాస్‌పోర్టు ఉందో లేదో చూస్తుంది. ఒకరోజు దొరికిపోయింది.

"నీ దగ్గరే పెట్టుకో అమ్మాయ్," అన్నాడు తల తుడుచుకుంటూ.

"అక్కర్లేదు," అని పండు సొరుగు మూసేసింది.